సుభాషిణి వ్యానులో పదిహేను రోజుల ఆయిలు

“మేస్త్రి గారూ, ఇంజను కడిగే మందు పోశాక ఆయిలు మార్చి తీరాలా? ఆ ఆయిలు పోసి పదిహేను రోజులే అయినా సరేనా?”

రామచంద్రపురంలో డీజిల్ బండ్లు బాగుచేసే సత్తార్ మేస్త్రిని ఒక ఉదయం ఆయన శిష్యుడు ఇశ్రాయేలు అడిగిన ప్రశ్న ఇది. ఇశ్రాయేలుకు ముప్ఫయ్యేళ్లు దాటాయి. పాలిటెక్నిక్ చదివినవాడు, చేతిపని నేర్చుకోవాలని వచ్చి నాలుగేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు. మేస్త్రికి వాదన పడదు. ఎవరేం అడిగినా ముందు బండి సంగతి అడుగుతాడు.

“ఎవరి బండి?”

“ఊరికే, తెలుసుకుందామని.”

“ఎవరి బండి అని అడిగాను.”

సుభాషిణి వ్యాను. ఆమె వారానికి మూడుసార్లు కిడ్నీ రోగుల్ని కాకినాడ ఆసుపత్రికి డయాలసిస్ కోసం తీసుకెళ్లి తీసుకొస్తుంది. ఇంజను టకటకమంటోందని ఆ ఉదయమే, మేస్త్రి ఇంకా రాకముందు, బండి తెచ్చింది. ఇశ్రాయేలు మందు సీసా ఆయిల్లో పోసి పది నిమిషాలు ఇంజను నడిపాడు. శబ్దం తగ్గింది. ఆ తర్వాత ఆయిలు దించేయమని సీసా మీద రాసే ఉంది. అయినా కొత్త ఆయిలు పారబోయడానికి అతనికి మనసొప్పలేదు. అలాగే పంపేశాడు. ఆమె వెళ్లి అరగంటయింది.

మేస్త్రి చేతిలోని పానాను నేలకేసి కొట్టాడు. సుభాషిణికి మూడుసార్లు ఫోను చేశాడు. బండి నడిపేటప్పుడు ఆమె ఫోను ఎత్తదు. “ఎక్కు,” అని మోటారు సైకిలు తీశాడు.

కరప ఇవతల, పొలాల మధ్య, వ్యాను ఆగి ఉంది. ఆయిలు అందడం లేదని చెప్పే ఎర్రదీపం వెలగగానే ఆపేశానని చెప్పింది సుభాషిణి. ఆపేలోపే ఇంజను లోపల ఏదో కొట్టుకుందట. నలుగురు రోగులు ఎండలో నిలబడి ఉన్నారు. ఐదో రోగి కామేశం మాష్టారు నిలబడలేక మైలురాయి మీద కూర్చున్నారు. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఊపిరి ఎగబీలుస్తున్నారు.

జరిగింది వినగానే సుభాషిణి ఇశ్రాయేలు మీదికి వచ్చింది. “ఆయిలు మీద జాలిపడ్డావా? వీళ్ల మీద పడటానికి నీకు జాలి మిగల్లేదటయ్యా?”

“నా షాపులో జరిగింది. అనేదేదో నన్ను అనమ్మా,” అన్నాడు మేస్త్రి.

“మిమ్మల్నీ అంటాను. ముందు వీళ్లని చేర్చండి.”

మేస్త్రి రోడ్డు మధ్యకు వెళ్లి చేతులు చాచి నిలబడ్డాడు. ఖాళీగా వెళుతున్న పెళ్లి సామాన్ల వ్యాను ఒకటి ఆగక తప్పలేదు. కామేశం మాష్టారిని ఇశ్రాయేలు చేతుల మీద ఎత్తి ఎక్కించాడు. ఆయన అతని చొక్కా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వాళ్లు చేరేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఆఖరున మిషను ఎక్కించారు. మాష్టారికి ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది.

సుభాషిణి వ్యానును తాడుతో షాపుకు లాగించాడు మేస్త్రి. ఇశ్రాయేలు చేతనే ఇంజను అడుగు విప్పించాడు. మందు కలిసిన ఆయిలు కిరసనాయిలులా పలచగా కారింది. “వేళ్ల మధ్య రుద్ది చూడు,” అన్నాడు. రుద్దితే జిగురు లేదు. ఆయిల్ని పైకి పీల్చే గొట్టం మూతికి చిన్న జల్లెడ ఉంటుంది. దాన్ని నల్లటి ముద్ద, కాటుక మెత్తినట్టు, పూర్తిగా మూసేసింది. పైనున్న బేరింగులకు ఆయిలు అందక గీరుకుపోయాయి.

ఆ బండిని ఇశ్రాయేలు ముట్టుకోకూడదని సుభాషిణి తేల్చి చెప్పింది. మేస్త్రి ఒప్పుకున్నాడు. తెలిసినవాళ్ల వ్యాను ఆమెకు ఇప్పించి, ఎనిమిది రోజులు తన చేత్తోనే ఇంజను బాగుచేశాడు. ఆ ఎనిమిది రోజులూ ఇశ్రాయేలు పక్కన నిలబడి సామాన్లు అందించాడు.

తొమ్మిదో రోజు సుభాషిణి వచ్చి, చెవి పెట్టి ఇంజను విని, ఇశ్రాయేలు వైపు చూడకుండానే బండి తీసుకెళ్లిపోయింది. అతను తలవంచుకుని అన్నాడు:

“ఆ మందే మంచిది కాదు మేస్త్రి గారూ. ఇక మన షాపులో వాడొద్దు.”

చల్లారిందనుకున్న కోపం మేస్త్రి ముఖంలోకి మళ్లీ ఎక్కింది.

“మందు తన పని చేసిందిరా. ఏళ్లుగా పేరుకున్న మురికిని లేపింది. దాన్ని బయటికి పంపే పని మాత్రం మందుది కాదు.”