రాయి ఎత్తుకు గోడ

అమెరికాలో ఎర్రరాతి కొండల నడుమ ఒక నవాహో తెగ జంట నగలు చేసుకుంటూ బతికేది. మగడు వెండితో చిన్నచిన్న అరలు కట్టేవాడు. ఆమె పిరోజా అనే నీలిరాళ్ళు కోసి ఆ అరల్లో పొదిగేది. రాయి అర గోడకంటే ఎత్తుగా లేస్తే సాన పట్టి సమం చేసేది. ఇరవై ఏళ్ళుగా అదే వరస. గోడ కదలదు, రాయే తగ్గాలి. ఆ నియమం ఎవరూ పెట్టలేదు, అలా జరిగిపోయిందంతే.

కూతురు పెద్దమనిషైంది. వాళ్ళ ఆచారం ప్రకారం ఆ పిల్ల నగలు పెట్టుకుని, తెల్లవారగానే తూర్పుకి పరిగెత్తాలి. ఆ వేడుకకు మగడు చేసిన కడియం కోసం ఆమె పెట్టె అడుగున దాచిన రాయి బయటికి తీసింది. తన తల్లి పోతూ పోతూ చేతిలో పెట్టిన రాయి. అబ్బ, ఏం నీలం! చూస్తూ ఊపిరి తీసుకోవడం మరిచిపోయేది ఆమె.

అరలో పెట్టి చూస్తే, రాయి మొక్కజొన్న గింజ మందాన పైకి లేచింది.

"సాన పట్టు," అన్నాడు మగడు. "ఇలా ఉంటే పరుగులో దేనికో తగిలి పగులుతుంది."

"పట్టను. మా అమ్మ రాయి. రవ్వంత కూడా తగ్గనివ్వను."

"మరి పిల్ల బోసిచేత్తో పరిగెత్తాలా?"

"పరిగెత్తనీ."

అనేసింది గానీ ఆ మాట తనకే నచ్చలేదు. తల్లిని అరగదీయడమా, కూతురికి లేకుండా చేయడమా? ఏం తేల్చుకుంటుంది పాపం! రోజంతా రాయిని గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. మొండితనంలో ఆయనా తక్కువ తినలేదు.

మర్నాడు పొద్దున కొలిమి చప్పుడు విని లోపలికి వెళ్ళింది. ఎనిమిది రోజులు కూర్చుని చేసిన కడియాన్ని ఆయన వెండి కరిగించే మూసలో పడేస్తున్నాడు.

"అయ్యో అయ్యో, పిచ్చి పట్టిందా నీకు!"

"గోడ పెంచుతున్నా."

"అంత వెండి ఎక్కడిది మన దగ్గర?"

ఆయన చేతికున్న తన తండ్రి కడియం లాగి అదీ మూసలో వేశాడు. పెళ్ళినాటి నుంచి అది ఆ చేతిని వదలగా ఆమె చూడలేదు. మూసలో రెండు వెండులూ కలిసి కరిగాయి, ఏది ఎవరిదో తెలియలేదు. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని పనిచేసిన మనిషిని ఆమె అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

మూడోనాటికి గోడలు లేచాయి. రాయి పొదిగి వేలితో తడిమితే ఇంకా వెంట్రుకవాసి పైకే ఉంది.

"ఫరవాలేదు, వదిలెయ్," అన్నాడాయన, బోసి మణికట్టు వెనక్కి దాచుకుంటూ.

ఆమె వదల్లేదు. కడియాన్ని తనే తీసుకెళ్ళి సాన మీద పెట్టింది. కన్నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆపలేదు. రాయీ అరిగింది, వెండీ అరిగింది. సాన కింది గిన్నెలో నీళ్ళు ఆ రెంటి పొడితో నీలంగా, తెల్లగా తళతళలాడాయి. ఇన్నేళ్ళూ చూడకుండానే పారబోసిన నీళ్ళే! ఈసారి గిన్నె మీద మూత పెట్టి, వేడుకనాడు తెల్లవారుతుండగా రెండు చేతులా ఎత్తి గుమ్మం ముందు బాటంతా చల్లింది.

పిల్ల ఆ తడిమట్టి తొక్కుకుంటూ తూర్పుకి దూసుకుపోయింది. తిరిగొచ్చేసరికి చుట్టాలంతా మూగి, కడియం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఆమె మాత్రం నేలమీద చతికిలబడి కూతురి అరికాళ్ళకంటిన నీలి, తెల్లని మెరుపు చూస్తోంది.

"ఇదిగో, ఇలా రా," అని మగణ్ణి పిలిచింది. "మా అమ్మ, మీ నాన్న... చూశావా, ఎంత దూరం పోయొచ్చారో!"