నిప్పుకాపరి జోగులు

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు గోచీ పెట్టుకుని తిరిగే కాలం నాటి మాట ఇది. ఊఁ కొడుతూ వినండి. మీ ఊఁ ఎక్కడ ఆగితే నా కథ అక్కడ ఆగుతుంది.

కొండకీ సముద్రానికీ మధ్యన తాటాకులపేట అని ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్లో మేడ లేదు, మిద్దె లేదు, పెంకుటిల్లు లేదు. కూలివాడిదైనా తాటాకు ఇల్లే, ఊరిపెద్ద పారినాయుడిదైనా తాటాకు ఇల్లే. చూరూ చూరూ ఒరుసుకుని ఉండేవి. ఒకరింట్లో చేపల పులుసు మరిగితే వీధి వీధంతా లొట్టలేసేది. ఒకరింట్లో పసిపాప ఏడిస్తే వీధి వీధంతా లేచి కూర్చునేది. ఒకరింటికి నిప్పంటుకుంటే? వీధి వీధంతా బూడిదయ్యేది.

ఆ ఊళ్లో జోగులు అని ఒకడు కావిడితో నీళ్లు మోసేవాడు. ఊరవతల గెడ్డ ఉంది. చిన్న ఏరే, కానీ ఎండాకాలం కూడా ఎండేది కాదు. పొద్దున్నే గెడ్డకి పోయేవాడు, కుండలు ముంచేవాడు, ఇల్లిల్లూ తిరిగి పోసేవాడు. ఎవరింటి కాగు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆ ఇంటి ఇల్లాలికంటే వాడికే ముందు తెలిసేది. వాడి పెళ్లాం పేరు ముత్యాలు. ఇద్దరూ ఒక దూడని పెంచుకునేవారు.

ఒక ఏడాది దీపావళి వచ్చింది. గోగుకాడలకి నూనె గుడ్డలు కట్టి పిల్లలు వాకిళ్లలో దివిటీలు కొట్టారు. చిచ్చుబుడ్లు వెలిగించారు. తారాజువ్వలు వదిలారు. గాలి తిరిగింది. ఒక జువ్వ వెళ్లి పడమటి వీధి మీద పడింది.

ఊరంతా గెడ్డకి పరుగెత్తింది. జోగులు కావిడి భుజాన వేసుకుని అందరికంటే ముందు పరుగెత్తాడు. వాడు తిరిగొచ్చేసరికి వాడిల్లే అంటుకుని ఉంది. దూడ తాడు విప్పడానికి ముత్యాలు లోపలికి వెళ్లింది. దూడ బయటికి వచ్చింది. ముత్యాలు రాలేదు.

జోగులు ఏడవలేదు. బూడిద ఆరేదాకా నీళ్లు పోస్తూనే ఉన్నాడు. పోసి పోసి, కుండ అక్కడే పెట్టి, పారినాయుడి గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"నాయుడు బాబూ, మళ్లీ దీపావళికి ఊరిని నేను కాపలా కాస్తాను. ఆ పని నాకు ఇప్పించండి."

"కాపలాయా? దొంగల్నేటి కాస్తావురా?"

"నిప్పుని కాస్తాను బాబూ."

పారినాయుడు వాడి మొహం చూశాడు. కాదనలేకపోయాడు. "సరేరా. నేటినుంచి నువ్వు ఈ ఊరి నిప్పుకాపరివి" అన్నాడు.

మళ్లీ దీపావళి వచ్చింది. జోగులు ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మం ముందూ ఇవే మూడు మాటలు చెప్పాడు.

"చూరు కింద దివిటీ వద్దు. గడ్డిమేటు పక్కన చిచ్చుబుడ్డి వద్దు. గాలి లేచాక తారాజువ్వ వద్దు."

మొదటింటివాళ్లు నవ్వారు. "జోగులూ, నీళ్లు మోసి మోసి నీకు నిప్పంటే పడదురా!" అన్నారు. రెండో ఇంటివాళ్లు మొహం చిట్లించారు. "పండగపూట ఆ అపశకునం మాటలేటి?" అన్నారు. మూడో ఇంటివాళ్లు తలుపేసుకున్నారు. అలా ఊరంతా అయింది. దివిటీలు చూరు కిందే కొట్టారు. చిచ్చుబుడ్లు గడ్డిమేటు పక్కనే పెట్టారు. ఆ ఏడు గాలి లేదు కాబట్టి సరిపోయింది. "చూశావా, ఏటయింది?" అని అందరూ వాడినే ఎగతాళి చేశారు.

జోగులుకి కడుపు మండింది. మాట వినని ఊరికి మాటలెందుకనుకున్నాడు.

ఆ పై ఏడు దీపావళికి, నిప్పుకాపరి మాట ఎవరూ దాటకూడదని పారినాయుడి చేత ఊళ్లో చాటింపు వేయించాడు. పొద్దుగూకక ముందే ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కుండ పట్టుకుని బయల్దేరాడు. ఈసారి చెప్పలేదు, అరిచాడు.

"చూరు కింద దివిటీ వద్దు! గడ్డిమేటు పక్కన చిచ్చుబుడ్డి వద్దు! గాలి లేచాక తారాజువ్వ వద్దు!"

దివిటీ కనబడితే లాక్కున్నాడు. చిచ్చుబుడ్డి కనబడితే నీళ్లు పోశాడు. ముగ్గు మధ్యలో పెట్టిన ప్రమిద కూడా ఆర్పేశాడు. వాడి అడుగుల చప్పుడు వింటే పిల్లలు గదిలో దూరేవారు. తాటాకులపేట ఆ సాయంత్రం అమావాస్య చీకట్లో ముడుచుకుని కూర్చుంది. ఎక్కడా నవ్వు లేదు. ఊరు భద్రంగా ఉందనుకున్నాడు జోగులు.

ఊరి తూర్పు కొసన ఎర్రమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆమె మనవరాలు సీతాలు. తల్లీ తండ్రీ లేని గుంట. ఏడాదంతా దాచుకున్న ఒకే ఒక్క చిచ్చుబుడ్డి దాని దగ్గర ఉంది. వాకిట్లో పెడితే జోగులు చూస్తాడు. వీధిలో పెడితే జోగులు చూస్తాడు. జోగులు చూడని చోటేది? గడ్డిమేటు వెనక.

అక్కడే పెట్టింది. అక్కడే వెలిగించింది. గడ్డి అంటుకుంది.

సీతాలు అరవలేదు. రెండు చేతులతో ఆ మంటని అణచబోయింది. పరికిణీతో కొట్టింది. మట్టి తీసి చల్లింది. అయినా అరవలేదు. పక్కింటివాళ్లకి మంట కనబడేసరికి గడ్డిమేటు మొత్తం అంటుకుంది. రెండిళ్లు పోయాయి. ఊరివాళ్లు మిగతా ఇళ్లని ఎలాగో కాపాడుకున్నారు. ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు.

మంట ఆరాక ఎర్రమ్మ మనవరాలి చేతులు చూసి గొల్లుమంది. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఊరివాళ్లు చుట్టూ మూగారు. జోగులు జనాన్ని తోసుకుని వచ్చాడు.

"ఒలే గుంటా, అంటుకోగానే ఎందుకు అరవలేదే? ఒక్క కేక వేస్తే ఒక్క కుండతో ఆరిపోయేది కదే!"

సీతాలు వాడికేసి చూసి అవ్వ వెనక్కి పోయింది. ఏడుస్తూ అంది. "నువ్వొస్తావని."

"ఏటీ?"

"అరిస్తే నువ్వొస్తావని... నువ్వు కొడతావని."

జోగులు అక్కడే, ఆ తడి బూడిదలోనే కూలబడ్డాడు. ముత్యాలు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. "నిప్పుని కాస్తానని చెప్పి ఊరికి నేనే నిప్పునైపోయాను" అని తల బాదుకున్నాడు.

తెల్లారి పారినాయుడి దగ్గరికి పోయి ఆ పని తనకొద్దన్నాడు. గెడ్డ ఒడ్డున గుడిసె వేసుకున్నాడు. నీళ్లు మోసేవాడు, పోసేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పిల్లలు ఎదురైతే తలొంచుకుని పక్కదారిన పోయేవాడు.

ఒకరోజు ఎర్రమ్మ కర్ర పొడుచుకుంటూ గెడ్డ దగ్గరికి వచ్చింది.

"ఒరే నాయనా జోగులూ, మా గుంట చేతులు మానాయి. నీకెప్పుడు మానుతాదిరా?"

వాడు కుండ ముంచుతూనే ఉన్నాడు.

"నీ ముత్యాలు ఈ ఊరికి కోడలుగా వచ్చిన ఏడు నాకు బాగా గుర్తు. పెద్దదాన్నన్న సిగ్గు లేకుండా పిల్లలతో కలిసి దివిటీలు కొట్టింది. దీపావళంటే ఎంత సంబరం ఆ పిల్లకి! నువ్వు దాని పేరు చెప్పి ఊరంతటినీ చీకట్లో కూర్చోబెట్టావు. అది చూస్తే ఊరుకునేదా?"

జోగులు కుండ పక్కన పెట్టి చతికిలబడ్డాడు. "ఊరుకునేది కాదప్పా" అన్నాడు.

"మరి లే. కాపలా మానకు. భయపెట్టడం మాను."

జోగులు నిప్పుకాపరి అయ్యాక మూడో దీపావళి వచ్చింది. పండగకి ముందే జోగులు గెడ్డ ఒడ్డున ముళ్లు కొట్టాడు, ఎండు గడ్డి పీకాడు, ఇసక చదును చేశాడు. పండగనాడు కుండలు నింపి వీధి పొడుగునా గుమ్మం గుమ్మానికీ ఒకటి పెట్టాడు. పిల్లల్ని పిలిచాడు. మొదట ఎవరూ రాలేదు. కడకి సీతాలు వచ్చింది. ఆ వెనక మిగతావాళ్లు వచ్చారు. అందరికీ చెంబులిచ్చి ఇళ్ల కప్పుల మీద నీళ్లు చల్లించాడు. పిల్లలు కప్పులూ తడిపారు, ఒకళ్లనొకళ్లూ తడుపుకున్నారు, జోగుల్నీ తడిపారు. వాడు నవ్వాడు. వాడు నవ్వడం ఆ పిల్లలు అంతకుముందు చూడలేదు.

పొద్దు వాలాక మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. ఈసారి చేతిలో కర్ర లేదు. మెల్లగా చెప్పాడు.

"దివిటీలు వాకిట్లో కొట్టండి, చూరుకి దూరంగా. చిచ్చుబుడ్లూ జువ్వలూ ఇసకలో కాల్చండి, నేనూ వస్తాను. ఇంత చెప్పినా ఎక్కడైనా అంటుకుంటే కేక వెయ్యండి. ఎవరు అంటించారని నేనడగను. ముందు నీళ్లు."

ఆ రాత్రి గెడ్డ ఒడ్డు పగలులా వెలిగిపోయింది. ముత్యాలు పేరు చెప్పి మొదటి దివిటీ జోగులే వెలిగించాడు. సీతాలు వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

అయితే మనుషులన్నాక ఎవరో ఒకరు మాట తప్పుతారు కదా. ఎవరు తప్పారో తెలుసా? సాక్షాత్తు పారినాయుడే! ఊరిపెద్దని, నేను ఇసకలోకి పోవడమేమిటి అనుకున్నాడు. జనం ఇసకలోంచి ఇళ్లకి తిరిగొచ్చాక తన వాకిట్లోనే ఒక జువ్వ వదిలాడు. అది పైకి లేవకుండా అడ్డంగా పోయి ఎదురింటి చూరులో దూరింది. ఆ కొసకి నీటి తడి అందలేదు. ఎర్రగా అంటుకుంది.

పారినాయుడు అటూ ఇటూ చూశాడు. చాటింపు వేయించినవాడు తనే. తప్పు చేసినవాడు తనే. ఎవరూ చూడలేదు. లోపలికి పోయి తలుపేసుకుంటే ఎవరికీ తెలీదు. ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. కానీ జోగులు చెప్పిన మాట చెవిలో మోగింది. ఎవరు అంటించారని నేనడగను.

"జోగులూ! నేనేరా! నా జువ్వేరా! రారా!" అని గొంతు చించుకుని అరిచాడు.

అరిచిన మరుక్షణం గుమ్మం గుమ్మం నుంచీ కుండలు లేచాయి. పక్కింటి కుండ పడింది. ఎదురింటి కుండ పడింది. జోగులు కుండ పడింది. బుస్సుమని పొగ లేచి మంట చచ్చిపోయింది. చాటంత మేర చూరు నల్లబడింది, అంతే.

అప్పుడు ఆ ఇంటివాడు ఊపిరి తీసుకుని, "ఇదేటి నాయుడు బాబూ! పెద్దవారయ్యుండి..." అని మొదలుపెట్టాడు.

జోగులు చెయ్యెత్తాడు. "అరిచారు కదయ్యా. అరిచారు కాబట్టే నీ ఇల్లుంది."

పారినాయుడు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. మర్నాడు తన తోటలో తాటాకులు కొట్టించి, తన చేత్తోనే ఆ చూరు కప్పాడు. ఆ పై ఏటినుంచి జువ్వలు పట్టుకుని అందరికంటే ముందు ఇసకలోకి నడిచేవాడు.

అక్కడినుంచి జోగులు బతికినన్నాళ్లూ తాటాకులపేటలో దీపావళికి ఒక్క ఇల్లు కాలలేదు. నిప్పు అంటుకోలేదా అంటే, అంటుకునేది. అంటుకోగానే ఎవరో ఒకరు కేక వేసేవారు. అంతే తేడా.

జోగులు ముసలివాడయ్యాడు. ఒక ఏడాది వానాకాలం చివర్లో జ్వరం వచ్చి, నాలుగు రోజులు మంచాన పడి, నిద్రలోనే పోయాడు. గెడ్డ ఒడ్డునే దహనం చేశారు. చితికి నిప్పు పెట్టడానికి కొడుకు లేడు. సీతాలు పెట్టింది. అప్పటికామె ఇద్దరు పిల్లల తల్లి. ఆడది నిప్పు పెట్టడమేమిటని ఊళ్లో ఒక్కరూ అనలేదు.

ఆ దీపావళికి జోగులు లేడు. గుమ్మాల ముందు కుండలు పెట్టేదెవరు? ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పొద్దువాలేసరికి ఎవరి గుమ్మం ముందు వాళ్లే నిండు కుండ పెట్టుకున్నారు. పెట్టాకే ప్రమిద వెలిగించారు.

ఇప్పుడక్కడ తాటాకు ఇళ్లు లేవు. అన్నీ స్లాబు ఇళ్లే. అయినా దీపావళినాడు ఆ ఊరు పోయి చూడండి. ముందు నీళ్లకుండ, తర్వాతే దీపం. దాన్ని జోగులు కుండ అంటారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలి చేత పెట్టిస్తారు.

ఆ ఊరివాళ్లకి ఇంకొక అలవాటుంది. పాలు ఒలకబోసిన పిల్లాడు కావచ్చు, ఆవుని పోగొట్టుకొచ్చిన పాలేరు కావచ్చు, చెప్పుకోలేని తప్పు చేసొచ్చిన పెద్దమనిషే కావచ్చు. ఎవరైనా గుమ్మంలో తల దించుకుని, నోరు పెగలక నిలబడ్డారనుకోండి. ఇంట్లోవాళ్లు తిట్టరు. దగ్గరికి వచ్చి ఒక్క మాటంటారు.

"కుండ నిండుగానే ఉంది. చెప్పు."