తువ్వాలు తడిసిన పూట

కుస్తీ పోటీలో నడుం విరిగి, తవిటయ్య కాళ్లు చచ్చుబడి రెండేళ్లయింది. గోదాకు దూరమయ్యాడు గాని గోదా తిండికి దూరం కాలేదు. రోజూ పొద్దున్నే శేరు పాలు, గుప్పెడు బాదంపప్పు, గరిటెడు నెయ్యి. కుస్తీ నేర్పే తాలింఖానాలో చేరిననాడు ఆంజనేయస్వామి పటం ముందు నిలబెట్టి, అతని గురువైన మా తాతగారు సన్యాసయ్య పెట్టిన నియమం అది.

ఆ వారం డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీశారు.

"షుగరు వచ్చింది. రక్తంలో కొవ్వు పేరుకుంది. కాళ్లు కదలకపోయినా గుండెకు పని కావాలయ్యా. తిండి తగ్గించి, చేతులతో కసరత్తు చెయ్యి. లేదంటే ఈసారి పోయేది కాళ్లు కాదు."

మర్నాడు భార్య నీలవేణి పాలు పొయ్యనంది. తవిటయ్య తనే పోసుకుని, లోటా ఒళ్లో పెట్టుకుని, ఆమె చేతే చక్రాల కుర్చీ తోయించుకుంటూ తాలింఖానాకు వచ్చాడు.

కుస్తీ పడుతున్నవాళ్లు ఆగిపోయారు.

"తిండి తగ్గించమంటున్నారు గురువుగారూ. తగ్గిస్తే మీ మాట తప్పినట్టు. తాలింఖానా వదిలీసినట్టు. వదిలీమంటారా?"

"ఇలాగే తింటే చచ్చిపోతాడు బాబూ," అంది నీలవేణి.

తాతగారు భుజం మీది తువ్వాలు తీసి తవిటయ్య నుదురూ మెడా తుడిచారు. అక్కడ ఎవరికి పాలివ్వాలన్నా ముందు ఆయన చేసే పని అదే. తువ్వాలు తడిస్తేనే పాలు.

తువ్వాలు పొడిగా ఉంది. లోటా తీసి గట్టు మీద పెట్టేశారు.

"కాళ్లు లేనోడికి చెమటెలా పడతాది?" తవిటయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "ఎగతాళా?"

తాతగారు గోడకు ఆనించిన కసరత్తు గదల్లో అన్నిటికన్నా చిన్నది తెచ్చి అతని చేతికిచ్చారు. కొత్తగా చేరినవాళ్లు తిప్పేది. ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వినోడు వంద గుంజీలు," అన్నారు తాతగారు వెనక్కి చూడకుండానే. చక్రం కదలకుండా కాలు అడ్డం పెట్టారు. "తిప్పు."

పదికి ఆయాసం వచ్చింది. పదిహేనుకి గద కిందికి జారబోయింది. నీలవేణి ముందుకు రాబోతే తాతగారు చెయ్యెత్తి ఆపారు. ఇరవైకి ఆయనే గద అందుకుని, ఊపిరి కుదుటపడేదాకా అతని మణికట్టు పట్టుకుని నిలబడ్డారు.

మళ్లీ తుడిచారు. తువ్వాలు తడిసింది.

లోటాలోంచి చిన్న గ్లాసుడు పాలు వంచి ఇచ్చారు.

"ఇంతేనా?"

తాతగారు తన గ్లాసు తెచ్చి పక్కన పెట్టారు. అదీ అంతే ఉంది.

"అరవై దాటిన కాణ్ణుంచి నాకూ ఇంతే. నేను తాలింఖానా వదిలీసినానేటి?"

తవిటయ్య గ్లాసు కళ్లకద్దుకుని తాగాడు. లోటాలో మిగిలినవి, చెమటోడుతూ నిలబడ్డ పక్కవాడికి అందించాడు.

ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టి అడిగాడు. "రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

తాతగారు తువ్వాలు పిండుతున్నారు.

"అందరూ వచ్చే వేళకే."