గంట బదులు ఖాళీ ఫైలు

"అడిగిన మాడ్యూలు దొరక్కపోతే దాని బదులు ఇంకోటి ఇమ్మని బండ్లర్‌కి చెప్పుకునే వీలు ఉన్నదే కదా మాస్టారూ. ఉన్న వీలు వాడుకుంటే తప్పెలా అవుతుంది?" అని శ్రీకర్ అడిగాడు. మా చినమామగారు విశ్వపతిగారు సామర్లకోటలో మా ముందుగదిలోనే నలుగురైదుగురికి జావాస్క్రిప్ట్ నేర్పేవారు. వాళ్ళలో చురుకైనవాడు శ్రీకర్.

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. ఊళ్ళో డయాలిసిస్ కేంద్రానికి శ్రీకర్ ఒక ప్రోగ్రాం రాసిచ్చాడు. మంచం మీది మనిషికి బీపీ పడిపోతే గంట మోగాలి. ప్రోగ్రాం పేరు పెట్టి అడిగే ముక్కలన్నిటినీ, అంటే మాడ్యూళ్ళని, వెతికి తెచ్చి ఒక్క మూటగా కట్టడం బండ్లర్ పని. గంట మోగించే ముక్క దానికి దొరకలేదు. లేదని చెప్పి ఆగిపోయింది. దానిది నిజాయితీ. సాయంత్రానికి ఇచ్చెయ్యాలన్న తొందరలో ఇతను ఒక ఖాళీ ఫైలు పెట్టి, గంట అడిగితే ఇదిమ్మని సెట్టింగుల్లో రాశాడు. తప్పుందని చూపే ఎర్రగీత ఒక్కటీ రాకుండా మూట చక్కగా కట్టుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే, ఆ కేంద్రంలో డయాలిసిస్ చేయించుకునే సూరీడమ్మ భర్త అప్పన్న మా గుమ్మంలో నిలబడ్డాడు.

"గంట మోగుద్దన్నారు కదండీ! దాని కళ్ళు తేలిపోతా ఉంటే ఆ డబ్బా నోరెత్తలేదండీ. నేను కేకెయ్యబట్టి నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. అదే నేను టీకెళ్ళుంటే?"

సూరీడమ్మ బతికింది, స్వామి దయ. అప్పన్న మెట్లు దిగాక, మామగారు నిలదీస్తే ఖాళీ ఫైలు సంగతి ఒప్పుకుని శ్రీకర్ వేసిన ప్రశ్న అది. నన్ను నెమ్మదైన మనిషంటారు. చేతిలో ఉన్న పూలసజ్జ వాడి నెత్తిన బోర్లించాలనిపించింది.

"స్నానం అయిందిగా. ఇవాళ పూజ నువ్వు చెయ్యి" అన్నారు మామగారు పీట చూపించి.

శ్రీకర్ వాళ్ళది పౌరోహిత్యం చేసే కుటుంబం, మంత్రాలు నోటికి వచ్చు. స్వామికి కట్టడానికి వస్త్రం లేదు. బదులుగా నాలుగు అక్షతలు వేస్తూ "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అన్నాడు. నగా లేదు. "ఆభరణార్థం అక్షతాన్..."

"ఆగు" అన్నారు మామగారు. "ఆ బదులు సంగతి పైకి చెప్పడం ఎందుకురా? నగే ఇస్తున్నాననేసి నాలుగు గింజలు పడెయ్. పూజ సాఫీగా అయిపోతుంది."

శ్రీకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అదేం మాట మాస్టారూ! లేనిదాన్ని లేదని స్వామితో చెప్పుకోవద్దూ? మోసం కాదూ?"

మామగారి ముఖం జేవురించింది. గొంతు మాత్రం పెంచలేదు.

"చెప్పకపోయినా తెలిసే ఆయనకి చెప్పావు. చెబితే తప్ప తెలియని అప్పన్నకి ఎందుకు చెప్పలేదురా?"