హాజరు పలికిన నక్క

గొప్పలు చెప్పుకోవడం మా గుట్టవాళ్లకు అలవాటు లేదు గానీ, ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. నల్లగుట్ట కింద మద్దిచెట్టు నీడలో మాకొక బడి ఉంది. పంతులమ్మ గాడిద, పేరు సూరమ్మ. ఇటుకబట్టీలో పన్నెండేళ్లు బరువులు మోసి వచ్చింది కాబట్టి ఓపిక ఆమె దగ్గరే నేర్చుకోవాలి. ఊళ్లలో చదువు రాని పిల్లల్ని గాడిదా అని తిడతారట. మా బడిలో ఆ మాట అంటే పొగిడినట్టే.

ఇప్పుడు కొమ్ములు తిరిగిన దున్నపోతునే గానీ, అప్పుడు నేను దూడను. ఏ అరుపు వింటే పరుగెత్తాలి, ఏ వాసన తగిలితే కదలకుండా నిలబడాలి, వాగునీళ్లు చూసి పైన ఏం జరుగుతోందో ఎలా పసిగట్టాలి, ఇవి మా పాఠాలు. మొదటి వాన పడగానే గుట్టంతా వాగు దాటి అవతలి పచ్చికకు పోవాలి. ముందు దాటేది బడిపిల్లలు. పెద్దలు గట్టు మీద నిలబడి చూస్తారు. అదే మా పరీక్ష. తప్పితే మళ్లీ రాయడానికి ఎవరూ మిగలరు.

ఆ రోజుల్లోనే దగ్గుతెగులు వచ్చిపడింది. ఒకరి ఊపిరి ఇంకొకరికి తగిలితే చాలు, మూడో రోజుకు లేవలేకపోయేవాళ్లు. ఎవరి పొదలో వాళ్లం ఉండిపోయాం. బడి ఆగకూడదని సూరమ్మ చట్టుబండ ఎక్కి అక్కడి నుంచే పాఠం చెప్పేది. గాడిద గొంతు కదా, గుట్ట అవతలికి కూడా వినిపించేది. మేం పొదల్లోంచే పేరు పలికి పొదల్లోంచే వినేవాళ్లం. రెండు వానాకాలాలు అలా గడిచాయి. వాగు దాటింది లేదు, పరీక్ష జరిగింది లేదు.

ముప్ఫై ఒక్క పేర్లలో ఒక పేరు ఆ తెగులుకు పోయింది. మేక పోలమ్మకు కవలలు, పూస, గవ్వ. గవ్వ దక్కలేదు. ఆ పేరు తీసేయడానికి సూరమ్మకు మనసొప్పలేదు. రోజూ పూస తర్వాత గవ్వ అని పిలిచేది. ఒక్క క్షణం అందరం ఊరుకునేవాళ్లం. తర్వాత ఇంకో పేరు. ఎవరూ చెప్పకుండానే అది మా బడి ఆనవాయితీ అయిపోయింది.

తెగులు తగ్గింది. ఇక చెట్టు కిందికి రండని సూరమ్మ కబురు పెడితే వచ్చింది ఏడుగురు. మిగతా ఇరవై ముగ్గురం పొదల్లోంచే వింటాం అన్నాం. మా తమ్ముణ్ణి చూసుకోవాలని నేను చెప్పాను. పాఠాలన్నీ మరిచిపోయానని కుందేలు పిల్ల సిగ్గుపడింది. పూస కారణమేమీ చెప్పలేదు. కొన్నాళ్లు చూద్దాంలెమ్మని సూరమ్మ ఊరుకుంది. అది తన మొదటి తప్పని తర్వాత తనే ఒప్పుకుంది.

అప్పుడు దిగాడు నక్క భూషణం. తెగులు వచ్చిన రోజే పక్క గుట్టకు చెక్కేసిన ఘనుడు, అంతా సర్దుకున్నాక తిరిగొచ్చాడు. పొదపొదకీ వచ్చి అల్లుళ్లూ, కోడళ్లూ అంటూ వరసలు కలిపాడు. తన డొంకలో రేగుపళ్లు రాలిపోతున్నాయట, తినే దిక్కు లేదట. మరి హాజరో అంటే, మీ గొంతులన్నీ నా నాలుక మీదే ఉన్నాయి, మీ బదులు నేను పలుకుతాను అన్నాడు. మా అమ్మలకు ఇంకో ముక్క చెప్పాడు. పంతులమ్మ గొంతు ఆ డొంకలో వినపడినంత స్పష్టంగా ఇంకెక్కడా వినపడదట. పొద్దున్నే బిడ్డ పేరు పలకడం చెవిన పడేది. అమ్మలు నిశ్చింతగా మేతకు పోయేవాళ్లు.

వారం తిరక్కుండా ఇరవై ముగ్గురం డొంకలో చేరాం. భూషణం రాతి మీద నిలబడి ఒక్కొక్కరి గొంతుతో పలుకుతుంటే పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. తినడం, పడుకోవడం. మమ్మల్ని అలా ఎందుకు మేపుతున్నాడో ఒక్కరికీ తట్టలేదు. పాఠం రానివాళ్లు వాగు దగ్గర వెనకబడతారు. వెనకబడినవాళ్లు తనకు దక్కుతారు. వాడు లెక్కపెట్టుకుంటున్నది ఆ రోజునే.

సూరమ్మకు అనుమానం ఎక్కడ వచ్చిందంటే, పేరు పిలిస్తే టక్కున పలికే గొంతు, ప్రశ్న వేస్తే మాత్రం గాలి ఎదురుగా వస్తోంది, వినపడటం లేదు పంతులమ్మగారూ అనేది. ఇరవై ముగ్గురికీ అదే గాలి, గొంతులన్నీ డొంక వైపు నుంచే. ఆ సాయంత్రం ఆమె పోలమ్మ దగ్గరికి వెళ్లింది.

"పూస రోజూ పలుకుతూనే ఉంది కదక్కా," అంది పోలమ్మ.

"పలుకుతోంది. పాఠం అడిగితేనే చెవులు పోతున్నాయి. నాకొక ఉపాయం తోచింది గానీ, నీ కడుపుకోత మీద చెయ్యి పెట్టాలి. నువ్వు వద్దంటే మానేస్తాను."

సంగతంతా విని పోలమ్మ నెమరు మానేసి లేచిందట. "గవ్వ పేరు పెట్టి పిలిస్తే నా పూస దొరుకుతుందంటే, పిలు అక్కా," అంది.

మర్నాడు సూరమ్మ బండ మీంచి గట్టిగా చెప్పింది. రేపు పిలిచిన ప్రతి పేరుకూ జవాబు రావాలి. ఒక్క పేరు పలక్కపోయినా పొదలన్నీ తనే స్వయంగా వెతుకుతుంది, డొంకతో మొదలుపెట్టి. డొంక పేరు వినగానే భూషణం మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఒక్క పేరూ వదలనని మాకు మాటిచ్చాడు. గవ్వ అంటే బడి ఎగ్గొట్టే ఇంకో పిల్ల అనుకున్నాడు వాడు, అసలు సంగతి మేం చెప్పలేదు. పూస ముందు ఆ పేరు ఎత్తడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

తెల్లారింది. హాజరు మొదలైంది. భూషణం ఆ రోజు మంచి ఊపు మీదున్నాడు. దూడగా పలికాడు, కుందేలుగా పలికాడు, పూసగా పలికాడు. తర్వాత సూరమ్మ పిలిచింది.

"గవ్వా."

"ఉన్నాను పంతులమ్మగారూ," అన్నాడు వాడు, ముద్దుముద్దుగా, మేకపిల్ల గొంతుతో.

మా నవ్వులు ఆగిపోయాయి. నా పక్కన పడుకున్న పూస లేచి నిలబడింది.

బండ మీంచి సూరమ్మ గొంతు నిదానంగా వచ్చింది. "చాన్నాళ్లకు పలికావమ్మా. ఇన్ని రోజులూ ఎక్కడున్నావు?"

"ఒంట్లో బాగోలేదండీ. రేపట్నుంచి రోజూ వస్తాను."

"అది నా బిడ్డ గొంతు కాదు," అన్న మాట డొంక గట్టు మీంచే వినపడింది. తలెత్తి చూస్తే పోలమ్మ. సూరమ్మ ముందే కబురు పెట్టిందట, ఆమె వెనక మా అమ్మ, అడవిపంది, ఇంకా మా అందరి అమ్మలూ వరసగా నిలబడి ఉన్నారు. "నా గవ్వ పోయి ఏడాది దాటింది. వాణ్ణి నాకు వదిలేయండి."

భూషణం ఎటు దూకాడో, ఎన్ని ముళ్లు గుచ్చుకున్నాయో నేను చూడలేదు. మా అమ్మ కొమ్ములు చూసి తలదించుకుని ఉన్నాను. సూరమ్మ దిగి వచ్చింది. కొడుతుందనుకున్నాం. ఒక్కొక్కరినీ బడికి ఎందుకు రాలేదని అడిగింది, అడిగి విన్నది.

మరిచిపోయానన్న కుందేలుతో, మరిచిపోయినవాళ్ల కోసమే నేనున్నది, గుర్తున్నవాళ్లకు నాతో పనేముంది అంది. నాతో, తమ్ముణ్ణి కూడా తీసుకురా అంది. పూస దగ్గర మాత్రం పక్కనే కూర్చుని అడిగింది.

"గవ్వ పేరు పిలిచినప్పుడల్లా అందరూ నా వైపే చూసేవాళ్లు," అంది పూస.

సూరమ్మ చెవులు వాలిపోయాయి. "అది నాకు తోచలేదు తల్లీ. తప్పు నాది. ఇక పిలవనులే."

"పిలవండి. నా పక్కన ఎవరైనా కూర్చుంటే చాలు."

ఆ రోజు నుంచి పూసకు ఒక పక్క కుందేలు, ఇంకో పక్క నేను. పాఠాలు అందరికీ మొదటి నుంచి మొదలయ్యాయి. క్రమం తప్పకుండా వచ్చే ఏడుగురూ దారిలో మమ్మల్ని పిలుచుకుని రావాలి. ఎవరైనా రాకపోతే సాయంత్రానికి సూరమ్మే ఆ పొద ముందు నిలబడేది, తిట్టడానికి కాదు, ఆ రోజు పాఠం చెప్పి పోవడానికి. ఆ ముసలి కాళ్లతో ఆమె గుట్ట ఎన్నిసార్లు ఎక్కి దిగిందో తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది. నెల తిరిగేసరికి మద్దిచెట్టు కింద చోటు చాల్లేదు.

మొదటి వాన పడింది. గుట్టంతా గట్టు మీదికి చేరింది. పూస ముందు, దాని వెనక మేం, చివర సూరమ్మ. వాగు దగ్గరికి వెళ్లేసరికి కింది మలుపులో భూషణం కనిపించాడు. పాతవన్నీ మరిచిపోండి కోడళ్లూ అని మొదలుపెట్టాడు. పై రేవు లోతట, ఇక్కడైతే మోకాలి లోతే ఉందట, రెల్లు చాటుగా హాయిగా దాటొచ్చట.

సూరమ్మ నోరు తెరవబోయి ఆగింది. పూస నీళ్ల వైపు చూస్తోంది. నీళ్లు ఎర్రబారుతున్నాయి. పచ్చి ఆకులు, విరిగిన పుల్లలు తేలివస్తున్నాయి. మా అందరికీ అర్థమైంది. ఒక్కరం కూడా గట్టు దిగలేదు.

"నిజంగా లోతు లేదా మామా?" అంది పూస.

"లేదంటున్నాగా."

"అయితే ముందు నువ్వు దిగి చూపించు. తర్వాత ఆలోచిస్తాం."

భూషణం నవ్వుతూ దిగాడు. నడి వాగులోకి పోయి, చూడండి, మోకాలి కిందే అని తోక ఊపాడు. అప్పుడొచ్చింది పై నుంచి వరద. రెండు పల్టీలు కొట్టి, కోసెడు దూరంలో ఏ రాయికో తట్టుకుని బయటపడ్డాడని విన్నాం. మళ్లీ మా గుట్ట వైపు చూసిన పాపాన పోలేదు. ఇరవై ముగ్గురి పేరన రోజూ హాజరు పలికినవాడు, ఒక్క రోజు పాఠం విన్నా ఆ నీళ్లలో కాలు పెట్టేవాడు కాదు.

మధ్యాహ్నానికి వరద తీసింది. పై రేవులో ముప్ఫై మందిమీ ఒకే వరసగా దాటాం. అవతలి గట్టు ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే, మా గాడిద పంతులమ్మ రెండు చెవులూ నిటారుగా నిలబెట్టి నీళ్ల మధ్యలోంచి నడిచి వస్తోంది.

నీతి: పేరు పలికితే చదువు రాదు, పిల్ల బడికి రావాలి, రాని పిల్ల కోసం బడే గడప దాకా నడవాలి.