పద్దెనిమిదో నంబరు గ్లాసు

"అమ్మగారూ, ఈ కార్యదర్శి పని ఇక నా వల్ల కాదండీ" అంది సంపూర్ణ, వీధి గుమ్మంలోనే నిలబడి.

సీతారావమ్మగారు చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "లోపలికొచ్చి కూర్చుని మానెయ్యవే. గుమ్మంలో మానేస్తే చెల్లదు" అన్నారు.

ఏటిగట్టు ట్రైనింగు కాలేజీలో చదివి, ఊరూరా పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఆడవాళ్ళకు ఒక సంఘం ఉంది. సీతారావమ్మగారు ఒకప్పుడు వాళ్ళకు పాఠం చెప్పిన పంతులమ్మ, హాస్టలు వార్డెనూ ఆవిడే. ఏటా మాఘమాసంలో ఒక ఆదివారం పాతవాళ్ళంతా ఆ హాస్టలు వసారాలో కలుసుకుంటారు. చేరిన మొదటిరోజున ఎవరికి వాళ్ళు మేకుతో నంబరు గీసుకున్న ఇత్తడి గ్లాసులు ఇప్పటికీ అక్కడే ఉంటాయి. వాటిలోనే మజ్జిగ తాగుతారు.

జుట్లు నెరిశాయి, పళ్ళు కదిలాయి, మనవల పేర్లు కూడా ఒకదానికొకటి తారుమారవుతున్నాయి గానీ, ఏ ఒక్కతీ తన నంబరు మాత్రం మరిచిపోలేదు. ఎంత చిత్రమో! కాలం చేసినవాళ్ళ గ్లాసుల్లోనూ మజ్జిగ పోస్తారు. కాసేపు అందరి మధ్యా ఉంచి, బావి పక్క కరివేపాకు మొక్క మొదట్లో పోస్తారు. ఆ మొక్క ఇప్పుడు చెట్టయింది.

నెలకిందట సంపూర్ణ ఆ గ్లాసులన్నీ గోనెసంచుల్లో కట్టించి రిక్షా ఎక్కించింది. లోపలి కళాయి పోయి మజ్జిగకు కిలుమెక్కుతోంది మరి. కళాయి వేసే నూకరాజు చేత పూత వేయించి, సభనాడు వెండిలా మెరిసే గ్లాసులు వరసగా పేర్చి, అందరి మొహాలూ చూడాలని ఆమె ముచ్చట. అందుకే ఎవరికీ చెప్పలేదు. తన గ్లాసు మాత్రం ఆ సంచుల్లో లేదు. ప్రతి ఆదివారం కాఫీకి వస్తుందని, అదెప్పుడో అమ్మగారింటికి చేరిపోయింది.

రిక్షాను ఎవరో చూశారు. అంతే. గ్లాసులు పాత సామాన్లవాడికి అమ్మేసిందట. సంఘాన్ని మగపిల్లల కాలేజీ సంఘంలో కలిపేస్తారట. ఇకమీద సభ హోటల్లోనట, కాగితం గ్లాసులట. పరీక్ష తప్పినవాళ్ళకు పిలుపే లేదట.

"వరహాలమ్మక్క ఇక రానని కార్డు రాసిందండీ. మార్తమ్మ ఫోన్లో, 'మజ్జిగ కూడా ఎవరింటినుంచి వాళ్ళే తెచ్చుకోవాలా తల్లీ?' అని వెటకారం. ఇప్పటికి ఇరవైమంది రామన్నారు. నలభై ఏళ్ళ సంఘం నా చేతిలో చితికిపోయేలా ఉంది."

సంచిలోంచి నాలుగు కాగితాలు తీసింది. "ఒక్కో పుకారుకీ ఒక్కో జవాబు రాశానండీ. గ్లాసులు భద్రం, వివరాలు సభలో తెలుస్తాయి అని కూడా రాశాను. కింద మీరు సంతకం పెడితే అచ్చువేయించి పంపుతాను. మీ సంతకం చూస్తే నోళ్ళు మూతపడతాయి."

సీతారావమ్మగారు కాగితాలు అందుకుని, చదవకుండానే పీటమీద పెట్టారు. "ముందు కాఫీ తాగు" అని వంటింట్లోకి వెళ్ళారు.

కాఫీ వచ్చింది. గాజు గ్లాసులో.

సంపూర్ణ చెయ్యి సగం చాచి ఆగిపోయింది. "నా గ్లాసేదండీ?"

ఆవిడ మళ్ళీ చేట ముందు కూర్చున్నారు.

"పద్దెనిమిదండీ. అంచున సొట్ట ఉంటుంది... మొదటిరోజే బావిలో పడేసుకుంటే మీరు గాలం వేసి తీయించారు." లేచి వంటింటి గూట్లో చూసింది. లేదు. గిన్నెల బుట్టలో చూసింది. లేదు. అరవై రెండేళ్ళ మనిషి పొయ్యి వెనక కూడా వంగి చూసింది. "ఎవరికైనా ఇచ్చేశారా? కొంపదీసి పాత సామాన్లవాడికి..."

ఆ మాట తన చెవినే పడింది. అక్కడే ఆగిపోయింది.

సీతారావమ్మగారు మెల్లగా పెరట్లోకి వెళ్ళి, చింతపండు నీళ్ళ గిన్నెలోంచి గ్లాసు పైకి తీశారు. బూడిదతో రెండు చుట్లు తోమి, కడిగి, పమిట చెంగుతో తుడిచి, సంపూర్ణ చేతిలో పెట్టారు. అది కొత్తదానిలా పచ్చగా మెరుస్తోంది. సొట్ట సొట్టలాగే ఉంది.

"నల్లబడింది కదా, నువ్వొచ్చేసరికి మెరిపిద్దామనుకున్నానే" అన్నారు.

సంపూర్ణ బొటనవేలు ఆ సొట్టమీదే చాలాసేపు ఉండిపోయింది. కాఫీ చల్లారింది. ఆమె చల్లారిన కాఫీనే తన గ్లాసులో వంపుకుని తాగింది. పీటమీది కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం మాట ఎత్తలేదు.

అక్కణ్ణుంచి తిన్నగా నూకరాజు కొట్టుకు వెళ్ళింది.

"ఇంకా సగానికే పూత పడిందమ్మా" అన్నాడతను.

"పడనివి ఇలా ఇయ్యి నాయనా."

పొద్దు వాలేలోగా వరహాలమ్మగారి అరుగుమీదికి ఒక గోనెసంచి వచ్చింది. సంపూర్ణ అందులో వెతికి వెతికి ఒక గ్లాసు తీసింది. లోపల కిలుము, పైన ఏడు అంకె.

"అక్కా, ఇది నీది. కళాయి వేయించమంటావా?"

వరహాలమ్మ గ్లాసు అందుకుని, వెలుతురుకు తిప్పి, ఏడుమీద వేలు పెట్టి చూసుకుంది.

"ఆ సంచీ చాలా బరువుగా ఉన్నట్టుందే" అంది, చెప్పులు వెతుక్కుంటూ. "పద, మార్తమ్మ ఇంటికి నేనూ వస్తాను."