ఓబులమ్మ గిన్నె

దగ్గరికి జరిగి వినండి, ఇది రాజుల కథ కాదు. మీ తాతల తాతలు ఉయ్యాల ఎక్కకముందు, మూడేళ్ళు వాన పడని ఒక ఊళ్ళో ఓబులమ్మ అనే ముసలామె ఉండేది. గడ్డి కోసి అమ్ముకుని బతికేది. ఆమె ఆస్తల్లా ఒక కొడవలి, ఒక మట్టిగిన్నె.

మూడో ఏడు గత్తర వచ్చి, వాంతులూ విరేచనాలతో మనుషులు రాలిపోసాగారు. అప్పటికే పూలతోటలన్నీ ఎండిపోయాయి. పాడె మీద పువ్వు లేకుండా పోయిన మనిషి దారి తెలియక గడపలోనే తచ్చాడతాడని ఆ ఊరి నమ్మకం. ఓబులమ్మ మొగుడు అట్లాగే పోయాడు. ఆ బాధ ఆమెను నిద్రపోనివ్వలేదు. ఇంకెవరూ అలా పోకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు తర్వాత మొదట గొర్రెలకాపరి మల్లన్న పోయాడు. ఓబులమ్మ వాళ్ళింటికి వెళ్ళింది.

"ఆ చేతికి అలవాటైందేదో ఇయ్యండి, పూలు అందులో పెడితేనే పట్టుకుపోగలడు" అంది.

అతను నీళ్ళు తాగే సొరబుర్ర ఇచ్చారు. అందులో కలబంద పూల కాడలు నిలబెట్టి పాడె మీద పెట్టింది. పిచ్చిమొక్కల్ని పూలంటుందేమని ఊరు నవ్వింది. పీనుగ ముందర కూడా నవ్వడానికి మనుషులకు తీరిక దొరుకుతుంది చూడండి.

తర్వాత ఊరిపెద్ద కూతురు పోయింది. ఆయన వెండిపళ్ళెం తెచ్చాడు.

"ఆ చేతికి అలవాటైందేదో ఇయ్యి నాయనా" అంది ఓబులమ్మ.

ఆయన లోపలికి వెళ్ళి, బిడ్డ ఆడుకున్న లక్కపిడత తెచ్చి, ఆమె చేతిలో పెట్టి కూలబడి ఏడ్చాడు. పిడత నిండా తంగేడు పూలు గుచ్చింది. ఇక ఎవరూ నవ్వలేదు.

మూడోసారి, దారిన పోయేవాడెవరో చావడిలో పడి చచ్చిపోయాడు. పేరు తెలియదు, మూట లేదు, అడగడానికి ఇల్లు లేదు. ముందురోజు ఓబులమ్మే అతనికి తన గిన్నెలో గంజి ఇచ్చింది. ఆ ఊళ్ళో అతని చేయి పట్టింది ఆ గిన్నె ఒక్కటే. దాన్ని జిల్లేడు పూలతో నింపి అతనితో పంపేసింది.

"నువ్వు దేంట్లో తాగుతావవ్వా?" అని అడిగాడు ఊరిపెద్ద.

"చేతులున్నాయి గదా నాయనా."

ఆనాటి నుంచి గంజి దోసిట్లో పోయించుకుని తాగింది. పదిరోజులు తిరక్కముందే గత్తర ఆమెనూ తీసుకుపోయింది.

ఊరంతా ఆమె గుడిసెలో వెతికింది. కొడవలి ఉంది. పువ్వు పెట్టడానికి చిప్ప కూడా లేదు. అందరి ఇళ్ళలోనూ గిన్నెలున్నాయి కానీ, అవేవీ ఆమె చేతికి తెలియవు.

చివరికి ఊరిపెద్ద ఆమె పక్కన కూర్చున్నాడు. చల్లబడిన రెండు చేతులనూ దోసిలిగా పట్టి, అందులో తంగేడూ జిల్లేడూ పోశాడు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ చావింటికి పూలు బుట్టలో తీసుకెళ్ళరు, పళ్ళెంలో తీసుకెళ్ళరు. తోటనిండా చామంతులున్నా పైన ఒక జిల్లేడు పువ్వు పెట్టి, దోసిట్లోనే పట్టుకెళ్తారు. తెలియనివాళ్ళెవరైనా పళ్ళెం అందిస్తే, "ఓబులమ్మకు లేని గిన్నె మనకెందుకు" అంటారు.